నౌపడా – పర్లాకిమిడి చిన్నరైలు టూర్ రివ్యూ: ఇచ్చిన డబ్బులకి న్యాయం జరిగింది

నౌపడా నుంచి ఒడిశాలోని పర్లాకిమిడి దాకా ఒకప్పుడు నడిచిన చిన్నరైలు (నారోగేజ్) దారిని చూపించే ఒకరోజు టూర్ ఇది. సూటిగా చెప్పేస్తాను, వీలుంటే తప్పకుండా వెళ్ళండి. మనిషికి 1,400 తీసుకున్నారు, అందులోనే వ్యాను, పొద్దున్న టిఫిను, మధ్యాహ్నం భోజనం, రైలు టికెట్టు అన్నీ వచ్చేస్తాయి. నా రేటింగ్ 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాస్తాను, టూర్ నడిపేవాళ్ళకి మొహం మీద కూడా చెప్పాను కాబట్టి ఇక్కడ దాచేదేం లేదు.

దీన్ని నడిపేది శ్రీకాకుళం కుర్రాళ్ళు, ఒకమ్మాయి ఒకబ్బాయి, ఆర్కిటెక్చర్ చదివి ఊరికి తిరిగొచ్చినవాళ్ళు. ఇంకా పేరూ బోర్డూ ఏం పెట్టుకోలేదు, తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పుకుంటూ ఫోన్ మీదే నడుస్తోంది, ఒక ట్రిప్పుకి పన్నెండు మందికి మించి తీసుకెళ్ళరు. వాళ్ళతో పాటు రోజంతా ఒక తాతగారు వస్తారు, చిన్నరైలు లైన్లో గ్యాంగ్‌మన్‌గా, అంటే పట్టాలు చూసుకునే పనివాడిగా చేరి, పెద్దలైన్ (బ్రాడ్‌గేజ్) అయ్యాక రిటైరైనాయన. ఈ టూర్‌కి ప్రాణం ఆయనే, అందులో నాకు ఏ సందేహమూ లేదు.

మన జిల్లాలో చుట్టాలొస్తే ఎక్కడికి తీసుకెళ్తాం చెప్పండి, అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం, టైముంటే శాలిహుండం, సాయంత్రం కళింగపట్నం బీచి. అన్నీ చూడదగ్గవే, ఏదీ తీసేసేది కాదు. కానీ మన తాతలు నిజంగా చెమటోడ్చిన చోట్లు ఉన్నాయి కదా, ఉప్పు కొటార్లు, జూట్ మిల్లులు, రైలు షెడ్లు, మాంగనీసు గనులు, వాటిని చూపించడానికి ఎవరైనా తీసుకెళ్ళడం నేను వినలేదు. 2003లో రష్యాలో నిజ్నీ తగిల్ అనే ఊళ్ళో ప్రపంచంలో పారిశ్రామిక వారసత్వం మీద పనిచేసేవాళ్ళంతా కూర్చుని ఒక చార్టర్ రాసుకున్నారు, అందులో ఫ్యాక్టరీలూ గనులూ గోడౌన్లతో పాటు రవాణా మార్గాలు, కార్మికులు ఉన్న ఇళ్ళు, చదువుకున్న బడులు, మొక్కుకున్న గుళ్ళు కూడా వారసత్వమేనని చెప్పారు. ఆ లెక్కన చూస్తే నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా ఉన్న నలభై కిలోమీటర్లూ ఒక మ్యూజియమే, టికెట్ కౌంటర్ ఒక్కటే తక్కువ.

తెల్లారగట్ల శ్రీకాకుళంలో ఎక్కించుకుని ఎండ ముదరకముందే నౌపడా ఉప్పు మడుల దగ్గర దింపారు. అంత పొద్దున్నే ఎందుకు లేపారా అని మాలో కొంతమంది విసుక్కున్నారు గానీ అక్కడికెళ్ళాక అర్థమైంది, తొమ్మిది దాటితే ఆ తెల్లదనం మీద కళ్ళు తెరవలేం. ముందే అడిగి పెట్టుకున్నారు కాబట్టి మడుల్లో పనిచేసే ఒకాయన గట్టు మీదకి వచ్చి దగ్గరుండి చూపించాడు. సముద్రం నీళ్ళు ఉప్పుటేరు మీదుగా వచ్చి ముందు పెద్ద మడిలో నిలుస్తాయి, అక్కడ్నించి ఒక మడి తర్వాత ఇంకో మడిలోకి వదులుతూ ఎండకి చిక్కబడనిస్తారు, ఆఖర్న చిన్న మడుల్లో ఉప్పు కడతారు. ఇంతవరకు మనకి చిన్నప్పుడు సైన్స్ పుస్తకంలో ఉన్నదే. పుస్తకంలో లేనిది ఆయన చేతిలో ఉంది, సన్నటి గాజు గొట్టం, కింద బరువుగా గుండులా ఉంటుంది, పక్కన గీతలు. దాన్ని బకెట్లో నీళ్ళలో వదిలితే నిలువుగా తేలుతుంది, ఏ గీత దగ్గర తేలిందో అదీ లెక్క. నీళ్ళు ఎంత చిక్కబడ్డాయో చెప్పే ఆ లెక్కని బోమే డిగ్రీలంటారు. సముద్రం నీళ్ళు సుమారు 3 దగ్గర చూపిస్తాయి, 25 దగ్గరకి వచ్చేసరికి ఉప్పు కట్టడం మొదలవుతుంది, 30 దాకా పోనిస్తే మెగ్నీషియం కూడా దిగిపోయి ఉప్పు చేదెక్కుతుంది, అందుకని ఆ లోపే మిగిలిన నీళ్ళు బయటికి వదిలేస్తారు. ఆయన మాకు చూపించడానికి గాజు గొట్టం తెచ్చాడు గానీ తనకి అది అక్కర్లేదట, మడిలో నీళ్ళ రంగు చూసి, వేళ్ళ మధ్య రాసి చెప్పేస్తాడు. మాలో ఇద్దరు కాలేజీ పిల్లలు పందెం కట్టి వరసగా మూడు మడుల దగ్గర పరీక్ష పెట్టారు, ప్రతిసారీ గొట్టం ఆయన చెప్పినదానికి కాస్త అటూ ఇటూగా అక్కడే తేలింది.

నాకు ఈ టూర్‌లో మొదట నచ్చింది ఇక్కడే. ఉప్పు మడి ఫోటో ఎవడైనా తీస్తాడు, డ్రోన్ వేస్తే ఇంకా బాగా వస్తుంది, కానీ ఆ వేళ్ళలో ఉన్న లెక్క ఫోటోలో పడదు. ఆ అమ్మాయి పక్కన నిలబడి ఆయన మాటలన్నీ రికార్డ్ చేసుకుంటోంది, చేసుకునే ముందు ఆయన్ని అడిగింది, అయ్యాక ఆయనకే తిరిగి వినిపించింది. ఇదీ పద్ధతి. మన దగ్గర చాలామంది పరిశోధన పేరుతో వచ్చి వీడియోలు తీసుకుని వెళ్ళిపోతారు, వాళ్ళతో మాట్లాడినవాడికి ఆ తర్వాత ఫోన్ కూడా ఉండదు.

తర్వాత నౌపడా జంక్షన్. స్టేషన్ బయట చెట్టు కింద ఇడ్లీ పెట్టి, ఆ తినే టైములోనే ఒక మ్యాపు పరిచి కథ చెప్పారు. కలకత్తా వైపు నుంచి మద్రాసు వైపు పోయే ఈస్ట్ కోస్ట్ లైను 1893, 1896 మధ్యలో ముక్కముక్కలుగా మన తీరం వెంట పడింది. మెయిన్ లైన్ నౌపడా మీదుగా పోయింది, పర్లాకిమిడి మాత్రం లోపల కొండల వైపు ఉండిపోయింది. అప్పుడు అక్కడ రాజుగారు గౌరచంద్ర గజపతి, రైలు నా ఊరికి రాకపోతే నేనే వేసుకుంటానని పట్టుబట్టి 1898లో బ్రిటిష్ వాళ్ళ దగ్గర పర్మిషన్ తెచ్చుకున్నారు, 7 లక్షల రూపాయల ఖర్చుతో 1900 ఏప్రిల్ 1న రైలు నడిపించేశారు. అప్పటి 7 లక్షలు. రెండేళ్ళలో పని, ఈ రోజుల్లో మన ఊళ్ళో ఒక ఫ్లైఓవర్‌కి ఎన్నేళ్ళు పడుతోందో అందరికీ తెలుసు.

పట్టాల మధ్య వెడల్పు, గేజ్ అంటారు, రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు, ఇంట్లో బాత్రూమ్ తలుపు వెడల్పు ఉంటుందే అంత. నేల మీద సుద్దతో రెండు గీతలు గీసి ఇదీ చిన్నరైలు అన్నారు, పక్కనే అయిదున్నర అడుగులకి ఇంకో రెండు గీసి ఇదీ ఇప్పటిది అన్నారు. అంత సింపుల్‌గా చూపిస్తే ఎవరికైనా ఎక్కుతుంది, మా గ్రూపులో ఏడో క్లాసు పాప ఒకత్తి ఉంది, రెండు గీతల మధ్య అటూ ఇటూ గెంతుతూ మొత్తం గేజ్ పాఠం నేర్చేసుకుంది. ఖర్చు తక్కువ, మలుపులు గట్టిగా తిప్పుకోవచ్చు, చిన్న వంతెనలు సరిపోతాయి, అందుకే రాజులూ తోటల యజమానులూ అప్పట్లో ఈ చిన్న గేజ్ మీద పడ్డారు.

డబ్బుల సంగతి కూడా దాచకుండా చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. మొదట్లో లైను నష్టాల్లోనే నడిచింది, 1910 తర్వాత గానీ కాస్త లాభం మొహం చూడలేదు, 1924-25 నుంచి బాగా పుంజుకుంది, ఆ ధైర్యంతోనే 1929, 1931లో రెండు విడతలుగా గుణుపూర్ దాకా పొడిగించారు. మొత్తం 90 కిలోమీటర్లు. రాజుగారి గొప్ప అని పొగడ్తలతో సరిపెట్టి వదిలేయకుండా ఎవరు పెట్టారు, ఎంత పోయింది, ఎప్పుడు తిరిగొచ్చింది అని చెప్పేవాడే అసలు చరిత్ర చెప్పినట్టు నా లెక్క.

ఇక రైలు. మన చేతుల్లో లేనిది అదొక్కటే కాబట్టి ప్రోగ్రామ్ అంతా ఆ టైము చుట్టూనే కట్టారు, ఆ లైన్లో రోజుకి తిరిగే బళ్ళు తక్కువ. ఎక్కాక తాతగారు కిటికీ పక్కన కూర్చున్నారు, మేమంతా ఆయన చుట్టూ. టెక్కలి, పెద్దసాన, టెంబూరు, గంగువాడ, పాతపట్నం, ఆ స్టేషన్ల పేర్లు ఆయన నోట వింటే వేరేగా ఉంటుంది. గ్యాంగ్ పని అంటే ఏటో పూర్తిగా చెప్పారు. "నానేటి చేసీవోన్నంటే బాబూ, పొద్దుగాలే సుత్తి బుజానేసుకుని నడిసీవోన్ని" అని మొదలెట్టారు. కీమేన్ రోజూ తన వంతు లైనంతా కాలినడకన తిరిగి, పట్టాని బిగించి పట్టే ఇనప కీ ఎక్కడ వదులైతే అక్కడ కొట్టుకుంటూ పోవాలి, గ్యాంగు వాళ్ళు స్లీపర్ (పట్టాల కింద అడ్డదుంగ) కింద కంకర బీటర్లతో కొట్టి కొట్టి గట్టిపరచాలి, ఎండాకాలం పట్టా సాగుతుంది కాబట్టి జాయింట్ల దగ్గర సందు చూసుకోవాలి, వానల్లో రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని కట్ట కోసుకుపోయిందేమో చూస్తూ తిరగాలి. సుత్తితో కొడితే వచ్చే చప్పుడు బట్టి కీ బిగువుగా ఉందో వదులో తెలుస్తుందని ఆయన సీటు కింద ఇనప కడ్డీ మీద తాళంచెవితో కొట్టి చూపించారు, బిగువు చప్పుడూ వదులు చప్పుడూ రెండూ నోటితో కూడా అనుకరించారు. పక్క సీట్లలో టూర్‌తో సంబంధం లేని పాసింజర్లు కూడా లేచొచ్చి వినడం మొదలెట్టారు, ఒకామె అయితే మా మావయ్య కూడా ఇదే లైన్లో చేసేవాడు, మీకు తెలుసా తాతా అని అడిగింది, ఇద్దరూ కాసేపు ఊళ్ళ పేర్లూ ఇంటి పేర్లూ కలుపుకున్నారు.

చిన్నరైలు 2004 జూన్‌లో ఆగిపోయింది, గేజ్ మార్పు పనులయ్యి 2011 నాటికి పెద్దబండి గుణుపూర్ దాకా వచ్చింది. దీని మీద నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను, మార్చడం మంచిదే. పాతపట్నం వాడు నౌపడాలో దిగి బండి మారకుండా నేరుగా విశాఖపట్నం పోగలుగుతున్నాడంటే అది చిన్న సంగతి కాదు, ఆస్పత్రికి పోయేవాళ్ళకి, చదువుకునే పిల్లలకి దాని విలువ తెలుసు. పాత రైలు అందంగా ఉండేది కాబట్టి అలాగే ఉంచాల్సింది అని దూరంగా కూర్చుని అనడం తేలిక. నా బాధ వేరే. మార్చే ముందు కొలతలు తీసుకోవాలి, ప్రతి కల్వర్టుకీ ప్రతి షెడ్డుకీ ఫోటో తీసి పెట్టుకోవాలి, పనిచేసినవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించాలి, ఆ పని ఎక్కడ ఏం మార్చినా ముందు జరగాలి. దానికి పెద్ద డబ్బు అక్కర్లేదు, ఒక టేపు, ఒక కెమెరా, ఓపికున్న నలుగురు చాలు. డార్జిలింగ్ చిన్నరైలు 1999లో, నీలగిరి 2005లో, కాల్కా సిమ్లా 2008లో యునెస్కో జాబితాలోకి ఎక్కాయి, అవి కొండల మీద ఉన్నాయి, టూరిస్టులున్నారు, వాటి గొంతు వినపడింది. మనది పల్లపు పొలాల్లో చోళ్ళూ వరీ మధ్య నుంచి పోయేది, దాని గురించి మాట్లాడాల్సింది మనమే.

పర్లాకిమిడిలో దిగగానే భోజనం. ఒక ఇంట్లో ముందే చెప్పి వండించారు, అరిటాకులో వేడన్నం, పప్పు, పనసపొట్టు కూర, చేపల పులుసు, మజ్జిగ. నాన్‌వెజ్ తినని వాళ్ళకి ఇంకో కూర విడిగా పెట్టారు. రుచి గురించి ఎక్కువ రాయను, బాగుంది, అడిగి మరీ వడ్డించారు.

ఊరు ఒడిశాలో ఉంది గానీ బజార్లో సగం మాటలు తెలుగే. 1936 ఏప్రిల్‌లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది, మధ్యలో ఈ రైలు మాత్రం రెండు వైపులా తిరుగుతూనే ఉంది. అంతకుముందు గౌరచంద్ర గారి కొడుకు కృష్ణచంద్ర గజపతి హయాంలో లైను గుణుపూర్ చేరింది, ఆయనే తర్వాత 1937లో ఒడిశాకి మొదటి ప్రధానమంత్రి, అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు. ఇంకో సంగతి, రైలు మొదలైన రోజుల్లో మన గిడుగు రామమూర్తి గారు ఇదే ఊళ్ళో పంతులుగా ఉన్నారు. సవరల భాష నేర్చుకోవడం, వాడుక తెలుగు కోసం పోట్లాడటం, అన్నిటికీ బీజం పడింది ఇక్కడే. టూర్ వాళ్ళు ఈ ముక్క చెప్పకుండా దాటేశారు, నేను గుర్తుచేస్తే తర్వాతి ట్రిప్పు నుంచి కలుపుతామన్నారు. కలపాలి, మన జిల్లావాళ్ళకి ఆ పేరు వింటే రైలు కథ ఇంకా దగ్గరవుతుంది.

భోజనాలయ్యాక అదే ఇంట్లో ఒక పాత రేకు పెట్టె తెరిచారు. ఆ ఇంటి పెద్దాయన తండ్రి రైల్వేలో బుకింగ్ క్లర్కట. లోపల అట్ట టికెట్లు ఉన్నాయి, చిన్నప్పుడు మనలో కొంతమంది చూసే ఉంటారు, రెండు వేళ్ళ వెడల్పు, మందంగా, ఒక మూల పంచ్ చేసిన గంటు. ఇంగ్లండులో ఎడ్మండ్‌సన్ అనే స్టేషన్ మాస్టారు 1830ల చివర్లో కనిపెట్టిన పద్ధతి అది, ప్రతి టికెట్ మీదా వరస నంబరు ముందే అచ్చయి ఉంటుంది, సాయంత్రానికి ఎన్ని అమ్ముడయ్యాయో, పెట్టెలో ఎంత డబ్బు ఉండాలో నంబర్లు చూస్తే తేలిపోతుంది, క్లర్కు చేతివాటం చూపించడానికి వీల్లేదు. ఒక టికెట్ నా అరచేతిలో పెట్టారు. అంచులు పిండిలా రాలుతున్నాయి, మూడో అంకె మీద పంచ్ పడి సగం పోయింది, వెనక పెన్సిల్‌తో ఎవరో కూడిక వేసుకున్నారు, అణాల లెక్క. ఆ కూడిక చూసి చాలాసేపు వదల్లేకపోయాను, ఎవరు వేసుకున్నారో, ఎవరికి ఎంత బాకీయో తెలీదు గానీ, అణాలు పోయి పైసలొచ్చింది 1957లో, కాబట్టి అంతకు ముందుదే అని మాలో ఒక మాస్టారు తేల్చారు. పెట్టె ఎవరికీ అమ్మనని ఆ పెద్దాయన గట్టిగా చెప్పారు, మంచి పని. ఈ కుర్రాళ్ళు ప్రతి టికెట్టుకీ రెండు వైపులా స్కాన్ తీసి, పక్కన స్కేలు పెట్టి, ఒరిజినల్ ఆయన పెట్టెలోనే ఉంచేశారు, యాసిడ్ లేని కాగితం కవర్లు కొని తెచ్చి ఇచ్చారు, ప్లాస్టిక్ కవర్లో పెడితే మన తీరపు తేమకి లోపల బూజు పడుతుందట.

తిరుగు ప్రయాణం వ్యానులో, పాత కట్ట వెంట ఆగుతూ. నా లెక్కలో రోజు మొత్తంలో బంగారంలాంటి గంట ఇదే. టెంబూరు దాటాక ఒకచోట పెద్దలైను కాస్త పక్కకి జరిగింది, చిన్నరైలుకి సరిపోయిన మలుపు పెద్దబండికి సరిపోదు కదా, అక్కడ పాత మట్టికట్ట తుమ్మచెట్ల మధ్య మిగిలిపోయి ఉంది. దాని మీద ఒక చిన్న కల్వర్టు, రాతి గోడలు చెక్కుచెదరలేదు. పిల్లలు టేపు పెట్టి కొలిచారు, తాతగారు ఆ గోడ మీద చెయ్యి వేసి ఈ సున్నం మా ముందోళ్ళ కాలంది అన్నారు.

ఆ పక్కనే ఒక పొలం గట్టుకి కంచెలాగ పాత పట్టా ముక్కలు పాతి ఉన్నాయి. మన ఊళ్ళల్లో ఇది ఎక్కడైనా కనిపిస్తుంది, ఇంటి వాసానికి, కిళ్ళీకొట్టు ముందు స్తంభానికి, పశువుల కట్టుకొయ్యకి పట్టా ముక్కే. రోజూ చూస్తూనే ఉంటాం, ఎవరం దగ్గరికెళ్ళి చదవం. పట్టా నడుము మీద, అంటే పైన తలకీ కింద పాదానికీ మధ్య సన్నగా ఉండే చోట, తయారుచేసిన కంపెనీ పేరు, సంవత్సరం, గజానికి ఎన్ని పౌండ్ల బరువో ఉబ్బెత్తు అక్షరాలతో పోతపోసినట్టు ఉంటాయి, ఫ్యాక్టరీలో రోలింగ్ అప్పుడే వేసేస్తారు. ముందు పొడి బ్రష్‌తో మట్టి దులిపించారు, ఇనప బ్రష్ వద్దన్నారు, తుప్పుతో పాటు అక్షరం కూడా పోతుందని. తర్వాత సుద్దముక్క అడ్డంగా పట్టుకుని రుద్దితే గుంటలు నల్లగా ఉండిపోయి ఉబ్బిన అక్షరాలు తెల్లగా పైకి లేచాయి. దాని మీద పల్చటి కాగితం టేపుతో అంటించి నల్ల మైనం క్రేయాన్‌తో రుద్దారు, ఒక్కొక్క అక్షరమే కాగితం మీదకి దిగుతుంటే పన్నెండు మందిమీ మాటల్లేకుండా చూస్తున్నాం. టి, ఐ, ఎస్, తర్వాతది తుప్పు తినేసింది, ఆఖర్న ఓ. టిస్కో, అంటే టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ. సంవత్సరంలో మొదటి రెండంకెలు మాత్రమే దొరికాయి.

అక్కడ ఆ అబ్బాయి ఒక ప్రశ్న వేశాడు, ఈ పట్టా 1900లో రాజుగారు వేయించిందేనా అని. అందరం అవును అన్నాం. అప్పుడు ఆ ఏడో క్లాసు పాపే అంది, టాటా కంపెనీ అప్పటికి ఉందా అని. లేదు. టాటా స్టీల్ పుట్టిందే 1907లో, జంషెడ్‌పూర్‌లో మొదటి ఉక్కు తీసింది 1912లో. అంటే ఇది మొదట వేసిన పట్టా కాదు, తర్వాత ఎప్పుడో మార్చినదో పొడిగింపు అప్పుడు వచ్చినదో అయి ఉండాలి, 1900 నాటివి బయటి దేశం నుంచి ఓడలో దిగినవి అయి ఉంటాయి. ఒక తుప్పు ముక్క మీద నాలుగక్షరాలు, దాన్నించి ఎంత కథ లాగొచ్చో ఆ అయిదు నిమిషాల్లో నాకు అర్థమైంది. ఈ పని చేయడానికి పురావస్తు శాఖ అక్కర్లేదు, సుద్దముక్కా కాగితమూ చాలు. పైగా మన చట్టంలో స్మారకం అనిపించుకోవాలంటే కనీసం 100 ఏళ్ళు నిండాలి, 1958 చట్టం అలాగే చెప్తుంది. ఫ్యాక్టరీలకీ రైలు షెడ్లకీ అన్నేళ్ళు నిండే లోపు తుక్కు కొట్టువాడు వచ్చేస్తాడు, కిలో లెక్కన పోతాయి. అందుకే చట్టం కోసం ఎదురుచూడకుండా ఊళ్ళోవాళ్ళే చదివి రాసి పెట్టుకోవాలి అంటున్నాను.

ఇప్పుడు తగ్గించిన ఆ ఒక్కటి. ఆడవాళ్ళకి బాత్రూమ్ ఏర్పాటు సరిగ్గా ఆలోచించలేదు. పొద్దున్న మడుల దగ్గర్నించి రైలెక్కే దాకా ఎక్కడా లేదు, మాతో వచ్చిన పెద్దావిడ ఒకరు మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నారు. నౌపడాలోనే ఎవరింట్లోనైనా ముందే మాట్లాడి పెట్టుకోవచ్చు, భోజనానికి మాట్లాడినవాళ్ళకి ఇది కష్టం కాదు. ఈ ఒక్క సంగతి సరిచెయ్యకపోతే మా అమ్మని ఈ టూర్‌కి పంపను, ఖచ్చితంగా.

రెండోది, చేతికిచ్చిన నాలుగు పేజీల పుస్తకం మొత్తం ఇంగ్లీషులో ఉంది. మ్యాపులు చాలా బాగా గీశారు, కానీ తాతగారికి ఇంగ్లీషు చదవడం రాదు, ఉప్పు మడి ఆయనకి రాదు, ఎవరి పని గురించి రాశారో వాళ్ళే చదవలేని పుస్తకం ఎందుకు. తెలుగుది తయారవుతోందన్నారు, వస్తే పొందూరు, టెక్కలి బళ్ళకి కూడా ఇవ్వాలి. మూడోది చిన్నది, పాతపట్నంలో ఆపింది మరీ తక్కువసేపు, మహేంద్రతనయ నది ఒడ్డు దాకా కూడా పోలేదు.

మెచ్చుకోవాల్సింది ఇంకొకటి మర్చిపోయే లోపు రాస్తాను. మాలో ఒకతను పట్టాల మీద నిలబడి సెల్ఫీ తీసుకోబోతే ఆ అమ్మాయి మొహమాటం లేకుండా ఆపేసింది, నడుస్తున్న లైను మీద కాలు పెట్టేది లేదు, మనం చూసేది వదిలేసిన కట్ట మాత్రమే అని ముందే రూలు పెట్టారు. తాతగారికీ ఉప్పు మడి ఆయనకీ రోజు కూలి కాకుండా గైడ్‌కి ఇచ్చే లెక్కలో ఇస్తున్నారని అడిగి తెలుసుకున్నాను, 1,400లో ఎంత ఎవరికి పోతుందో కాగితం మీద రాసి చూపించారు. డబ్బు తీసుకునే ఏ టూర్‌లోనూ నేను ఇది చూడలేదు.

వాళ్ళని నేను అడిగింది విజయనగరం వైపు కూడా ఇలాంటిదొకటి పెట్టమని. చంపావతి ఒడ్డున నెల్లిమర్ల జూట్ మిల్లు, చుట్టుపక్కల ఊళ్ళల్లో గోగునార పండించి బతికిన రైతులు, బ్యాచింగ్ నుంచి కార్డింగ్, స్పిన్నింగ్, వీవింగ్ దాకా ప్రతి డిపార్ట్‌మెంట్ పేరూ నోటికొచ్చిన కార్మికులు ఇంకా మన మధ్యే ఉన్నారు. గరివిడి, చీపురుపల్లి దగ్గర మాంగనీసు గనులున్నాయి, దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే 1890ల మొదట్లో మన విజయనగరం ప్రాంతంలో, అక్కడి కోడూరు పేరు మీదే కోడురైట్ అని ఒక రాయికి పేరు పెట్టారు జియాలజిస్టు ఫెర్మర్, 1909లో ఆయన రాసిన మాంగనీసు పుస్తకం ఇప్పటికీ చూస్తారు. బొబ్బిలి, సాలూరు మధ్య రైల్‌బస్సు తిరిగేది, దాన్ని ఎక్కినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇన్ని ఉన్నాయి, ఒక్కదానికీ దారి చూపించే మనిషి లేడు. ఆలోచిస్తున్నాం అన్నారు, మిల్లు వైపు పర్మిషన్లు కష్టం కాబట్టి ముందు రిటైరైన కార్మికుల ఇళ్ళ దగ్గర కూర్చుని మాట్లాడించడంతో మొదలుపెడతారట. అదే సరైన వరస, గోడలు ఇంకొన్నాళ్ళు నిలబడతాయి, మనుషులు ఆగరు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండు మూడు మాటలు. డిసెంబరు నుంచి మార్చి మంచి టైము, ఉప్పు పని జనవరి నుంచి ఊపందుకుంటుంది కాబట్టి ఆ తర్వాత వెళ్తే మడులు కూడా చూడొచ్చు, వానాకాలం మడుల్లో చూడ్డానికి ఏం ఉండదు. శీతాకాలంలో వెళ్తే పక్కనే తేలినీలాపురం పక్షుల్ని కూడా చూసి రావచ్చు, అది టూర్‌లో లేదు, మనమే పోవాలి. టోపీ, నల్ల కళ్ళద్దాలు, ముళ్ళల్లో నడవడానికి గట్టి చెప్పులు తప్పనిసరి. అయిదో క్లాసు లోపు పిల్లలకి రోజు మరీ పొడుగైపోతుంది. ఇంట్లో తాతలదో మావయ్యలదో పాత రైల్వే పాసు, మిల్లు టోకెన్ బిళ్ళ, జీతం చీటీ, గ్యాంగ్ సుత్తి, ఇలాంటిదేమైనా అటక మీద ఉంటే తీసుకెళ్ళండి, అక్కడే ఫోటో తీసి, ఎవరిదో ఏ ఊరో రాసుకుని, వస్తువు మీ చేతికే తిరిగిచ్చేస్తారు.